ఎలక్ట్రిక్ కారులో ఏ వేరియంట్? ముందు బ్యాటరీ లెక్క, తర్వాతే సన్‌రూఫ్

హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునేవాళ్లకు ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది ఇప్పుడు పెద్ద చిక్కేమీ కాదు. నాలుగు వీడియోలు చూసి, ఆఫీసులో ఇద్దరిని అడిగి, ఒక ఆదివారం టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లొస్తే ఆ సంగతి తేలిపోతుంది. తలనొప్పి ఆ తర్వాతే మొదలవుతుంది. ఒకే కారుకు ఎనిమిదో పదో వేరియంట్లు, రెండు సైజుల బ్యాటరీలు, రెండు రకాల చార్జర్లు, అన్నిటికన్నా కింది ధరకూ పై ధరకూ నాలుగైదు లక్షల తేడా. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు "సార్, ఇంకో లక్ష వేసుకుంటే సన్‌రూఫ్ వచ్చేస్తుంది, దాని మీద ఇంకో అరవై వేలు వేసుకుంటే వెంటిలేటెడ్ సీట్లు" అంటూ మెట్టు మీద మెట్టు ఎక్కిస్తూ పోతాడు. పన్నెండు లక్షలు అనుకుని లోపలికి వెళ్లినవాళ్లు పదిహేను లక్షల బుకింగ్ ఫారంతో బయటికి రావడం మామూలే.

పెట్రోల్ కారులో ఇలా ఎక్కినా జేబుకు తప్ప ఇంకెక్కడా నొప్పి ఉండదు. చాలా మోడళ్లలో బేస్ తీసుకున్నా టాప్ తీసుకున్నా ట్యాంకు అదే, బంకులో నింపడానికి పట్టే టైమూ అంతే. తేడా అంతా సీట్లు, స్క్రీన్, చక్రాల దగ్గరే. ఎలక్ట్రిక్ కారులో వేరియంట్ మారితే ఒక్కోసారి ట్యాంకు సైజే మారిపోతుంది, నింపే వేగం మారుతుంది, మోటారు శక్తి మారుతుంది. బ్రోచర్‌లో ఒకే పేరు కింద నిజానికి రెండు కొనుగోళ్లు కలిసిపోయి ఉంటాయి. ఒకటి బ్యాటరీ, మోటారు, కారు లోపలి చార్జర్. ఇవి మొదటి రోజు ఏవి తీసుకుంటే కారు ఉన్నన్నాళ్లూ అవే. రెండోది హంగులు. వాటిలో కొన్ని బయట వేయించుకోవచ్చు, చాలావరకు లేకపోయినా బండి నడుస్తుంది. కంపెనీలు ఈ రెంటినీ ముడేసి అమ్ముతాయి. కొనేవాళ్లు చేయాల్సిన పని ఆ ముడి విప్పి, దేనికి ఎంత కడుతున్నామో విడివిడిగా చూసుకోవడం.

ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు ఎక్సైట్, ఎక్స్‌క్లూజివ్, ఎసెన్స్ అని మూడు వేరియంట్లతో వచ్చింది. ఎక్స్‌షోరూమ్ ధరలు 13.50, 14.50, 15.50 లక్షలు. మూడింట్లోనూ 38 కిలోవాట్ అవర్ల బ్యాటరీయే, మోటారూ ఒకటే. కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్ కాబట్టి ఇకపై యూనిట్లు అనే అనుకుందాం. అంటే విండ్సర్‌లో ఒక్కో మెట్టుకు కట్టే లక్ష రూపాయలూ హంగులకే పోయాయి. పై మెట్టు ఎక్కినంత మాత్రాన కారు పది కిలోమీటర్లు కూడా ఎక్కువ నడవదు. పెద్ద బ్యాటరీ కావాలనుకునేవాళ్ల కోసం 52.9 యూనిట్ల ప్రో 2025 మేలో విడిగా వచ్చింది.

టాటా పంచ్ ఈవీ కథ వేరు. 2024 జనవరిలో విడుదలైనప్పుడు 25 యూనిట్ల బ్యాటరీకి 60 కిలోవాట్ల మోటారు, 35 యూనిట్ల బ్యాటరీకి 90 కిలోవాట్ల మోటారు ఇచ్చారు. స్మార్ట్, స్మార్ట్ ప్లస్ అనే కింది రెండు వేరియంట్లకు అప్పుడు పెద్ద బ్యాటరీ ఇవ్వలేదు. దూరం వెళ్లే బ్యాటరీ చాలు, మిగతావి వద్దు అనేవాళ్లు కూడా అడ్వెంచర్ దాకా ఎక్కాల్సి వచ్చింది. మహీంద్రా బీఈ 6లో 79 యూనిట్ల బ్యాటరీని మొదట అన్నిటికన్నా పైనున్న ప్యాక్ త్రీకే పరిమితం చేసి, ఆ తర్వాతే ప్యాక్ టూకు దించారు. ఇదంతా వ్యాపారం, తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. పెద్ద బ్యాటరీతో, తక్కువ హంగులతో ఒక వేరియంట్ దొరికిందంటే మాత్రం ఆ బ్రోచర్‌లో లాభసాటి బేరం సాధారణంగా అదే. దాన్ని సేల్స్‌వాళ్లు తమంతట తాము చూపించడం అరుదు.

సెల్లార్‌లో ఏ ప్లగ్గు ఉంది?

టెస్ట్ డ్రైవ్‌కు ముందు ఒకసారి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగి మీటర్ బోర్డు వైపు చూడటం మంచిది. ఫ్లాట్ మీటర్ నుంచి పార్కింగ్ దాకా వైరు ఎంత దూరం లాగాలి, 16 ఆంప్స్ సాకెట్ పెట్టుకోనిస్తారా, మీటర్ సింగిల్ ఫేజా త్రీ ఫేజా అన్న మూడు సంగతులు తెలిస్తే వేరియంట్ సగం తేలిపోయినట్టే. ఇంటికి ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే సొంత వాహనం చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి కొత్త మీటర్ తప్పనిసరేం కాదు. అసోసియేషన్ మీటింగ్‌లో ఆ మార్గదర్శకాల కన్నా సెక్రటరీ గారి మూడ్‌కే విలువెక్కువ, అది వేరే సంగతి.

మామూలు 16 ఆంప్స్ సాకెట్ నుంచి నష్టాలు పోను గంటకు దాదాపు 3 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి 9కి పెట్టి పొద్దున 7కి తీస్తే 30 యూనిట్లు. సిటీ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని యూనిట్‌కు 7 కిలోమీటర్లే వస్తాయనుకున్నా 200 కిలోమీటర్ల పైచిలుకు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లి వచ్చేవాళ్లు తిరిగేది 60 కిలోమీటర్లు, అంటే మూడు గంటల చార్జింగ్. కూకట్‌పల్లి, మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లేవాళ్లకు అంత కూడా అక్కర్లేదు. సిటీ వాడకం వరకు ఇంట్లో ప్లగ్గు ఉన్నవాళ్లకు ఏ వేరియంట్ అయినా సరిపోతుంది, ఏ చార్జర్ అయినా సరిపోతుంది.

అందుకే టియాగో ఈవీ, పంచ్ ఈవీ లాంటి కార్లలో 3.3 కిలోవాట్ల బదులు 7.2 కిలోవాట్ల చార్జింగ్ కావాలంటే అదనంగా అడుగుతూ వచ్చిన 50 వేలు చాలామందికి దండగ. టియాగోలో పెద్ద బ్యాటరీయే 24 యూనిట్లు. సున్నా నుంచి నింపినా ఒక రాత్రిలో అయిపోతుంది, సున్నా దాకా ఎవరూ తెచ్చుకోరు కూడా. అదే 79 యూనిట్ల బ్యాటరీని 16 ఆంప్స్ సాకెట్‌కు పెడితే ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. ఊరి నుంచి రాత్రి పదింటికి వచ్చి మర్నాడు పొద్దున్నే మళ్లీ దూరం బయల్దేరాల్సిన పని ఉన్నవాళ్లకు, ఒకే ప్లగ్గు మీద రెండు ఎలక్ట్రిక్ కార్లు పెట్టుకున్న ఇళ్లకు వేగం కావాలి. మిగతావాళ్లు ఆ డబ్బును బ్యాటరీ వైపు మళ్లించడం మేలు.

చాలామంది తికమకపడేది ఇంకొకటుంది. గోడకు బిగించే పెట్టెను అందరూ చార్జర్ అంటారు. ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే అసలు చార్జర్ కారు లోపలే ఉంటుంది. లోపలిది 3.3 కిలోవాట్లదైతే గోడకు 7.2 కిలోవాట్ల పెట్టె పెట్టించినా కారు తీసుకునేది 3.3 మాత్రమే. లోపలిది తర్వాత మార్చుకోవడం కుదరదు, గోడ పెట్టెను రెండేళ్ల తర్వాతైనా కొనుక్కోవచ్చు. 40 యూనిట్లు దాటిన బ్యాటరీ తీసుకునేవాళ్లు లోపలి చార్జర్ 7.2 ఉండేలా చూసుకుని, గోడ పెట్టెను అవసరం పడేదాకా వాయిదా వేయవచ్చు.

ఈ పెట్టెల ధర విషయంలో కొటేషన్ జాగ్రత్తగా చదవాలి. క్రెటా ఎలక్ట్రిక్ 2025 జనవరిలో వచ్చినప్పుడు 11 కిలోవాట్ల హోమ్ చార్జర్‌కు 73 వేలు అదనం. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈల విడుదల ధరల్లో చార్జర్ లేదు. 7.2 కిలోవాట్లదానికి 50 వేలు, 11.2 కిలోవాట్లదానికి 75 వేలు విడిగా కట్టాలి. పైగా 11 కిలోవాట్లు పూర్తిగా రావాలంటే త్రీ ఫేజ్ ఉండాలి. సింగిల్ ఫేజ్ మీటర్ ఉన్న ఫ్లాట్‌లో దానికి పెట్టిన అదనపు డబ్బు వృథా. 7.2కు కూడా ఇంట్లో రెండు ఏసీలు, గీజర్ ఉన్నచోట శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) పెంచమని కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ ఖర్చు, వైరింగ్ ఖర్చు కొటేషన్‌లో కనిపించవు.

సెల్లార్‌లో ప్లగ్గే కుదరని కిరాయి ఇళ్లవాళ్ల లెక్క తలకిందులవుతుంది. ఇంట్లో ప్లగ్గు ఉన్నవాళ్లకు సిటీలో చిన్న బ్యాటరీ చాలు. ప్లగ్గు లేనివాళ్లకు సిటీలోనే పెద్ద బ్యాటరీ కావాలి, ఎందుకంటే వాళ్లు వారానికి ఒకసారి పబ్లిక్ స్టేషన్‌కు వెళ్లి నింపుకోవాలి. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున ఆరు రోజులు తిరిగితే 240 కిలోమీటర్లు. 25 యూనిట్ల కారుకు వారంలో రెండుసార్లు, 40 యూనిట్లు దాటిన కారుకు ఒకసారి. వీళ్లు ఏసీ చార్జింగ్ వేగాన్ని పట్టించుకోనక్కర్లేదు, పబ్లిక్ స్టేషన్లలో నేరుగా బ్యాటరీకి ఎక్కే డీసీ చార్జింగ్ వేగం చూసుకోవాలి. ఉదాహరణకు విండ్సర్ 38 యూనిట్లది 45 కిలోవాట్ల దాకా, ప్రో 60 కిలోవాట్ల దాకా తీసుకుంటాయి. ఎదురుచూసే టైములో ఆ తేడా తెలుస్తుంది.

సొంత ఊరు ఎంత దూరం?

బ్రోచర్‌లో రాసే రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో నడిచే దూరం, మన దేశపు పరీక్షా పద్ధతి ప్రకారం వచ్చినది. ఆ పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100, 110లో వెళ్లే కారుకు ఆ అంకె ఎలాగూ రాదు. గాలి నిరోధం వేగంతో పాటు గట్టిగా పెరుగుతుంది కాబట్టి హైవే మీద ఎలక్ట్రిక్ కారు సిటీలో కన్నా తక్కువ మైలేజ్ ఇస్తుంది. పెట్రోల్ కార్ల అనుభవానికి ఇది రివర్స్. నెక్సాన్ ఈవీ 45 యూనిట్ల బ్యాటరీకి ధ్రువీకరించిన రేంజ్ 489 కిలోమీటర్లు, టాటా తన అంచనాగా చెప్పేది 350 నుంచి 370. హైవే మీద ఏసీతో, 90 నుంచి 100 మధ్య వేగంలో యూనిట్‌కు 6, 6.5 కిలోమీటర్లు వేసుకుని, అడుగున 10 శాతం దాచుకుంటే 30 యూనిట్ల కారు 170 కిలోమీటర్లు, 38ది 215, 45ది 250, 53ది 300 దగ్గర వస్తాయి. ఇవి చేతి లెక్కలు. డ్రైవింగ్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి కానీ వేరియంట్ తేల్చుకోవడానికి బ్రోచర్ అంకె కన్నా ఇవే నయం.

ఇప్పుడు దీన్ని మన ఊళ్లతో పోల్చాలి. బ్యాటరీ పెరిగే కొద్దీ ఉపయోగం నిదానంగా, సమంగా పెరుగుతుందని అనుకుంటాం. అలా జరగదు. ఒక ఊరు చార్జింగ్ లేకుండా అందుబాటులోకి వచ్చేదాకా అదనపు యూనిట్ల వల్ల పెద్దగా ఒరిగేది లేదు, వచ్చిన క్షణం నుంచి మొత్తం మారిపోతుంది.

సంక్రాంతికి విజయవాడ వైపు వెళ్లే కుటుంబాన్నే తీసుకుంటే, దూరం సుమారు 275 కిలోమీటర్లు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాటి సూర్యాపేట దాదాపు సగం దారి. 30 యూనిట్ల కారు సూర్యాపేటలో ఆగి ముప్పావు గంట చార్జ్ చేసుకోవాలి. 45 యూనిట్ల కారు కూడా ఆగాలి, కానీ పది పదిహేను నిమిషాలు చాలు. 53 యూనిట్ల కారు ఆగకుండా వెళ్లిపోతుంది. మామూలు రోజుల్లో 30కీ 45కీ తేడా అరగంట. అక్కడ ఎలాగూ టిఫిన్‌కు ఆగుతారు కాబట్టి ఆ అరగంట ఇడ్లీ, కాఫీల్లో కలిసిపోతుంది. రెండు లక్షలు ఎక్కువ పెట్టి కొన్న పెద్ద బ్యాటరీ చేసిన మేలు అంతే. పండగ ముందు రోజు కథ మారుతుంది. పంతంగి టోల్ దగ్గర మొదలైన రద్దీ చార్జింగ్ స్టేషన్ల దగ్గర కూడా ఉంటుంది. ముందు రెండు కార్లు ఉంటే పది నిమిషాల చార్జింగ్ కావాల్సినవాళ్లూ, ముప్పావు గంట కావాల్సినవాళ్లూ ఒకే క్యూలో గంటకు పైగా నిలబడతారు. అసలు ఆగనక్కర్లేని కారే అక్కడ గెలుస్తుంది. విజయవాడ కోసమే పెద్ద బ్యాటరీ అనుకునేవాళ్లు 45 దగ్గర ఆగిపోతే డబ్బు పెట్టీ సగం ఫలితమే. 50 దాటాలి, లేదా చిన్నదానితో సరిపెట్టుకోవాలి.

వరంగల్ 150 కిలోమీటర్లు. వెళ్లి అత్తగారింట్లో ఒక రాత్రి ఉండి వచ్చేవాళ్లకు 30 యూనిట్ల కారు చాలు. రాత్రంతా అక్కడి సాకెట్‌కు పెడితే తిరుగు ప్రయాణానికి నిండిపోతుంది. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావాలంటే 300 కిలోమీటర్లు, 45 యూనిట్లదైనా దారిలో కాసేపు ఆగాలి. నల్లగొండ, సిద్దిపేట వందేసి కిలోమీటర్లు. రానూపోనూ 200కు 30 చాలదు, 38 సరిగ్గా సరిపోతుంది, 45తో టెన్షన్ ఉండదు. అంటే నల్లగొండవాళ్లకు పెద్ద బ్యాటరీ వేరియంట్ ఇచ్చే లాభం వరంగల్‌వాళ్లకు ఇచ్చేదానికన్నా ఎక్కువ. దూరం తక్కువైనవాళ్లకు లాభం ఎక్కువ అనడం వింతగా ఉన్నా లెక్క అలాగే ఉంది.

ఊళ్లో సాకెట్ మీద ఆధారపడేవాళ్లు ముందే ఒకటి సరిచూసుకోవాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్ ఎర్ర లైటు చూపించి మొరాయిస్తుంది. పాత ఇళ్లలో ఇది తరచూ ఎదురయ్యేదే. ఎర్తింగ్ గుంత తవ్వించి మంచి సాకెట్ పెట్టించే ఖర్చు పెద్ద బ్యాటరీ వేరియంట్‌కు కట్టే తేడాలో చాలా చిన్న భాగం. ఏడాదికి నాలుగుసార్లు ఒకే ఊరికి వెళ్లేవాళ్లకు ఇంతకన్నా చవకైన రేంజ్ పెంపు ఇంకోటి లేదు.

తిరుపతి, బెంగళూరు 550 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలు. వాటికి ఏ వేరియంట్ అయినా ఆగాల్సిందే. ఏడాదికోసారి వెళ్లే ఆ ఒక్క ప్రయాణం కోసం టాప్ బ్యాటరీ కొనడం కన్నా ఆ రోజుకు వేరే బండి మాట్లాడుకోవడం తెలివైన పని. బ్యాటరీకి కాలంతో పాటు కొంత తరుగు ఉంటుంది కాబట్టి రోజువారీ అవసరానికి, సొంత ఊరికి సరిగ్గా అంచున నిలిచే బ్యాటరీ మాత్రం వద్దు. ఈరోజు 200కు సరిపోయే కారు ఆరేడేళ్ల తర్వాత సరిపోకపోవచ్చు.

పన్ను లేకపోవడం చేసే మాయ

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. జీఎస్టీ 5 శాతమే. కొనేవాళ్లకు ఇది మంచిదే, కానీ వేరియంట్ ఎంపికను నిశ్శబ్దంగా ప్రభావితం చేసేదీ ఇదే. పది లక్షలు దాటిన పెట్రోల్ కారుకు రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తగ్గదు. అక్కడ ఒక మెట్టు ఎక్కితే లక్షతో పాటు ఇంకో 17 వేలో ఎక్కువో పన్ను పడుతుంది, ధర ఇంకో శ్లాబులోకి దూకితే ఆ శాతమూ పెరుగుతుంది. ఆ దెబ్బ భయానికి చాలామంది మధ్య వేరియంట్ దగ్గర ఆగుతారు. ఎలక్ట్రిక్ కారులో ఆ బ్రేకు లేదు. లక్ష అంటే లక్షే అనిపిస్తుంది, చేయి సులువుగా పై వేరియంట్ మీదికి వెళుతుంది.

లక్ష అంటే లక్షే కాదు. లోన్‌లో కలిపితే 9 శాతం వడ్డీకి ఏడేళ్ల మీద నెలకు 1,600 పైచిలుకు, మొత్తం 1.35 లక్షలు. ఇన్సూరెన్స్‌లో ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు దెబ్బ తగిలితే ఇచ్చేది) ప్రీమియం కారు విలువను బట్టి ఉంటుంది కాబట్టి ఏటా అదీ కొంచెం పెరుగుతుంది. 10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటవుతుంది గానీ చేతి నుంచి అయితే ముందే పోతుంది. లోన్ వడ్డీ మీద లక్షన్నర దాకా ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపు 2023 మార్చి 31 తర్వాత మంజూరైన లోన్లకు వర్తించదు. ఇంకా వర్తిస్తుందని చెప్పేవాళ్లు ఉన్నారు, నమ్మనక్కర్లేదు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ దగ్గర ఎవరూ చెప్పని మలుపు ఒకటుంది. ఎలక్ట్రిక్ కార్లకు ఈ ప్రీమియం మోటారు కిలోవాట్లను బట్టి నిర్ణయమవుతుంది. 2022లో నోటిఫై చేసిన రేట్లలో కొత్త కారుకు మూడేళ్ల పాలసీ 30 నుంచి 65 కిలోవాట్ల మధ్య 9,044 రూపాయలు, 65 దాటితే 20,907 రూపాయలు. మొదటి పంచ్ ఈవీలో చిన్న బ్యాటరీ మోటారు 60 కిలోవాట్లు, పెద్దదానిది 90. అంటే బ్యాటరీ మార్చిన పాపానికి ఇన్సూరెన్స్ శ్లాబు కూడా మారింది. పన్నెండు వేల తేడా కారు ధరలో చిన్నదే అయినా, రెండు వేరియంట్ల ఆన్‌రోడ్ ధరలు పోల్చేటప్పుడు ఎక్స్‌షోరూమ్ తేడా ఒక్కటే చూడకూడదని గుర్తుచేస్తుంది.

కరెంటు ఖర్చు వైపు నుంచి చూస్తే వేరియంట్ల మధ్య తేడా లేనట్టే. నెలకు వెయ్యి కిలోమీటర్లకు 150 యూనిట్లు. ఎండాకాలంలో ఇప్పటికే 300 యూనిట్లు కాలే ఇంట్లో ఇవి 9 రూపాయల, 9.50 రూపాయల శ్లాబుల్లో పడి 1,375 అవుతాయి. ఈవీ చార్జింగ్ కేటగిరీలో విడి మీటర్ తీసుకుంటే యూనిట్‌కు 6 రూపాయల చొప్పున 900, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. విడి మీటర్‌తో మిగిలేది కూడా నెలకు రెండు మూడు వందలు, మహా అయితే నాలుగు. బేస్ వేరియంట్ కొన్నా టాప్ కొన్నా ఈ బిల్లు దాదాపు ఒకటే. "కరెంటు మీద మిగిలేదానితో పై వేరియంట్ తేడా వచ్చేస్తుంది" అనే మాట షోరూమ్‌లో వినపడితే, ఆ మిగులు కింది వేరియంట్‌లోనూ అంతే ఉంటుందని తిరిగి చెప్పొచ్చు.

బ్యాటరీని అద్దెకిచ్చే పథకం కూడా ఇలాంటి మాయే చేస్తుంది. విండ్సర్‌ను విడుదలప్పుడు 9.99 లక్షలకు, కిలోమీటరుకు 3.50 అద్దెకు ఇచ్చారు. మామూలు ధరతో తేడా 3.51 లక్షలు, అంటే లక్ష కిలోమీటర్ల అద్దె. తక్కువ తిరిగేవాళ్లకు ఇది బాగుందనిపిస్తుంది. కానీ ఫైనాన్స్ కంపెనీని బట్టి నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉంటుంది, తిరగకపోయినా డబ్బు పోతుంది. మూడున్నర లక్షలు మిగిలాయన్న ఊపులో టాప్ వేరియంట్ బుక్ చేసేవాళ్లు చూసుకోవాల్సింది ఆ షరతునే.

ఎండలో పనికొచ్చేవి

హంగుల్లో అన్నీ ఒకటే కాదు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు మామూలు. ఆఫీసు బయట ఎండలో నిలబెట్టిన కారులో వెంటిలేటెడ్ సీట్లు నిజంగా హాయినిస్తాయి, వాటికి డబ్బు పెట్టడంలో అర్థముంది. అద్దాల పైకప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం. వేడిని లోపలికి తెస్తుంది, ఏసీ మీద భారం పెంచుతుంది, ఎండాకాలంలో తెర మూసే ఉంచాలి. విండ్సర్‌లో ఈ రెండూ ఎసెన్స్ అనే ఒకే వేరియంట్‌లో కలిపి ఇచ్చారు. సీటు చల్లబరచడానికి డబ్బు కడితే నెత్తి మీద అద్దం ఉచితంగా అంటగట్టినట్టయింది. కారు ఎక్కకముందే, ఇంట్లో ఉండగానే ఫోన్ నుంచి ఏసీ వేసే సౌకర్యం కొన్ని కార్లలో పై వేరియంట్లకే ఇస్తారు. ఈ నగరంలో అది సన్‌రూఫ్ కన్నా పది రెట్లు పనికొస్తుంది. అయితే ఆ కనెక్టెడ్ సేవలు కొన్నేళ్లు మాత్రమే ఉచితం, తర్వాత సబ్‌స్క్రిప్షన్ కట్టాలి.

ఇరుకు సెల్లార్లలో స్తంభాల మధ్య కారు తిప్పేవాళ్లకు 360 డిగ్రీల కెమెరా మంచి ఖర్చే. ఒక్క బంపర్ గీత తప్పినా కొంత రాబట్టుకున్నట్టే. లేన్ కీపింగ్ లాంటి ఏడాస్ (డ్రైవర్‌కు సాయపడే ఆటోమేటిక్) సదుపాయాలు ఔటర్ మీద బాగుంటాయి. అమీర్‌పేటలో ఎడమ నుంచి ఆటో, కుడి నుంచి బైకు దూరుతుంటే మొదటి వారంలోనే ఆపేసేవాళ్లు ఎక్కువ. పెద్ద అలాయ్ చక్రాలు చూడటానికి బాగుంటాయి, రేంజ్‌ను కొంచెం తింటాయి, గుంతల్లో దెబ్బ తింటే టైరు ఖరీదూ ఎక్కువే. పెద్ద స్క్రీన్ మీద ఖర్చు దేనికో అర్థం కాదు. ఫోన్ కనెక్ట్ చేస్తే పది అంగుళాల తెరలోనూ అదే మ్యాప్ కనిపిస్తుంది.

భద్రత విషయంలో మాత్రం రాజీ వద్దు. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా అదుపులో ఉంచే ఈఎస్‌సీ బేస్‌లోనే ఉన్న కారు ఎంచుకుంటే వేరియంట్ గొడవ సగం తగ్గుతుంది. క్రాష్ టెస్టుల్లో ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్ చూసేటప్పుడు ఆ స్టార్లు ఏ వేరియంట్లకు వర్తిస్తాయో ఫలితాల పత్రంలోనే చూసుకోవచ్చు.

తిరిగి అమ్మేటప్పుడు ఈ హంగులకు పెట్టిన డబ్బు అన్నిటికన్నా ముందు కరిగిపోతుంది. 2024 ఫిబ్రవరిలో టాటా బ్యాటరీ సెల్స్ ధర తగ్గిందని చెప్పి నెక్సాన్ ఈవీ ధరను 1.20 లక్షల దాకా, టియాగో ఈవీని 70 వేల దాకా తగ్గించింది. ఆ ముందు నెలలో టాప్ వేరియంట్ కొన్నవాళ్ల కారు విలువ ఒక్క రోజులో పడింది. కొత్త కార్ల ధరలు ఇలా కదులుతున్నంత కాలం సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, బ్యాటరీ వారంటీ ఎంత మిగిలింది అనే. స్పీకర్లు ఎన్ని అని కాదు.

రోడ్ ట్యాక్స్ మాఫీకి రాష్ట్రంలో కొనడం, రిజిస్టర్ కావడం రెండూ గడువులోపు జరగాలి, బుకింగ్ తేదీ లెక్కలోకి రాదు. గడువు దగ్గరపడే కొద్దీ షోరూమ్‌లలో "మీరడిగిన వేరియంట్ రెండు నెలలు పడుతుంది సార్, టాప్ ఎండ్ మాత్రం యార్డులో రెడీగా ఉంది" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. 14 లక్షల కారుకు మాఫీ విలువ రెండు లక్షల పైనే కాబట్టి ఆ ఒత్తిడికి లొంగడం సహజం. పెద్ద బ్యాటరీ, తక్కువ హంగుల వేరియంట్లు డీలర్లు తక్కువగా తెప్పిస్తారు. అవి కావాలనుకునేవాళ్లు నాలుగైదు నెలల ముందే బుక్ చేసి, వేరియంట్ పేరు, బ్యాటరీ సైజు, లోపలి చార్జర్ కిలోవాట్లు, డెలివరీ నెల నాలుగూ బుకింగ్ ఫారం మీదే రాయించుకోవాలి. బుకింగ్ వాపసు షరతు కూడా అదే కాగితం మీద ఉండాలి. ఎల్బీనగర్‌లో లేని వేరియంట్ కొంపల్లిలో ఉండొచ్చు కాబట్టి ఒకటికి మూడు డీలర్ల దగ్గర కొటేషన్ తీసుకుంటే స్టాక్ లేదన్న మాటలో నిజమెంతో కూడా తెలుస్తుంది.